ట్యాంకు నిండిన నాడే

డాక్టర్ బాపురావు కారు దారిలో ఆగిపోవడం బోధన్ చుట్టుపక్కల ఎవరికీ వింత కాదు. ఆ నల్లటి పాత విలాయతీ కారు రోడ్డు వారన నిలబడి కనిపిస్తే చెరుకు బండ్ల వాళ్లు ఎడ్లను ఆపి, ఎవరూ అడగకుండానే దిగి వచ్చి నెట్టేవాళ్లు. అది 1961 చివర. కారు వయసు పద్నాలుగేళ్లు. హైదరాబాద్‌లో ఒక రిటైరైన ఇంజనీరు వాడిన బండిని బాపురావు కొన్నాడు.

ఆయనకు అది షోకు కాదు. బోధన్‌లో ఆయనది ఎనిమిది మంచాల ఆస్పత్రి. రుద్రూర్, వర్ని, కోటగిరి వైపు పల్లెల్లో కాన్పు కష్టమైతే ఎవరో ఒకరు సైకిల్ మీద పరుగున వచ్చేవారు. డాక్టరు బ్యాగు అందుకునేవాడు. నర్సు గంగుబాయి వేడినీళ్లలో మరిగించిన సామాను గుడ్డలో చుట్టుకుని వెనక సీట్లో కూర్చునేది. లింబయ్య స్టీరింగు పట్టేవాడు. తొమ్మిదేళ్లుగా ఈ ముగ్గురూ ఇలాగే తిరుగుతున్నారు.

కారుకు జబ్బు వచ్చింది రెండేళ్ల కిందట. వారం పది రోజులు ఏ లోటూ లేకుండా నడిచేది. ఒకనాడు ఉన్నట్టుండి ఆయాసం వచ్చిన మనిషిలా ఎగదీసి, రెండు మూడు కుదుపులు కుదిపి, ఆగిపోయేది. లింబయ్య కిందికి దిగేవాడు. పెట్రోలు చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది కనుక, సీటు కింద దాచిన వెదురుబద్ద తీసి ట్యాంకులో ముంచి చూసేవాడు. పెట్రోలు ఉండేది. తర్వాత బానెట్ ఎత్తి, ఆ తీగా ఈ తీగా కదిలించి, సెల్ఫ్ కొట్టేవాడు. చాలాసార్లు అది టక్కుమని ఊరుకునేది. అప్పుడిక హ్యాండిల్ పెట్టి తిప్పడమే. చెమటలు కారేదాకా తిప్పితే ఎప్పటికో బండి అందుకునేది. ఆ తర్వాత మళ్లీ వారం దాకా ఏమీ తెలియనట్టు నడిచేది.

నిజామాబాద్‌లో ఒక మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. ఇంకొకడు కాయిల్ మార్చాడు. మూడో అతను కార్బురేటర్ విప్పి, కడిగి, బిగించాడు. హైదరాబాద్‌లో ఒక షెడ్డు వాళ్లు పదిహేను రోజులు బండిని పెట్టుకుని ఊళ్లో తిప్పారు. ఒక్కసారీ ఆగలేదు. దీనికి ఏ జబ్బూ లేదని తిప్పి పంపారు. తిరిగొచ్చిన మూడో రోజున అది రుద్రూర్ దాటాక ఆగింది.

చివరగా చూసిన మెకానిక్ ఒక మాట అన్నాడు. "పెట్రోల్ల గ్యాసు నూనె కలుస్తున్నట్టుంది డాక్టర్ సాబ్. ఎవరు కలుపుతుండ్రో మీరే సూసుకోవాలె." ఆ మాట అంటూ అతను లింబయ్య వైపు చూశాడు.

లింబయ్య పెట్రోలు అమ్ముకుని కిరోసిన్ కలుపుతున్నాడన్న అనుమానాన్ని బాపురావు మనసులోకి రానివ్వకూడదనుకున్నాడు. అయినా అది వచ్చి కూర్చుంది. తర్వాతిసారి కారు ఆగినప్పుడు చెరుకు బండ్ల వాళ్లు నలుగురు చుట్టూ ఉండగా, "లింబయ్యా, చేతులిటు పట్టు" అన్నాడు. లింబయ్య ఏమిటో అర్థంగాక చేతులు చాపాడు. డాక్టరు వంగి వాసన చూశాడు. గ్యాసు నూనె వాసన లేదు. డాక్టరు వెనక్కి జరిగాడు. లింబయ్య చేతులు ధోవతికి తుడుచుకుని, హ్యాండిల్ అందుకుని తిప్పసాగాడు. ఆ రోజు నుంచి అతను అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప మాట్లాడటం మానేశాడు.

గంగుబాయి ఇది చూసింది. ఆమెకు అరవై దగ్గర పడుతున్నాయి. మహారాష్ట్ర హద్దులోని పల్లెలో తల్లి దగ్గర మంత్రసాని పని నేర్చి, తర్వాత మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువు చదివిన మనిషి. ఒకనాడు పొద్దున ఓపీ మొదలవకముందే డాక్టరు గదిలోకి వచ్చింది.

"డాక్టర్ సాబ్, కారు ఒకసారి రాజమల్లుకు జూపిద్దాం."

"ఆయిల్ ఇంజన్ల రాజమల్లా? అతను కార్లు బాగుజేస్తడా?"

"చేస్తడో చెయ్యడో నాకు తెల్వది. గని తనకు తెల్వకపోతె తెల్వదంటడు. గిప్పటిదాంక మనకు గా మాట అన్నోళ్లు ఒక్కలు లేరు."

రాజమల్లు షెడ్డు స్టేషన్ రోడ్డులో ఉంది. ఇరవై ఏళ్లు దాటాక చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు మోసే చిన్న రైలింజన్లు తుడిచే పనిలో చేరి, చూసి చూసి ఫిట్టరయ్యాడు. తర్వాత సొంతంగా రేకుల షెడ్డు వేసుకుని, కాలువ కింది రైతుల ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. చదువు రాదు. ఇంజను ముందు నిలబడితే ముందు చేతులు రెండూ వెనక్కి కట్టుకునేవాడు. ఊరికే ముట్టుకోకుండా తనను తాను ఆపుకోవడానికి అలా చేసేవాడని బాపురావుకు తర్వాత అర్థమైంది.

ఆ సాయంత్రం రాజమల్లు ఆస్పత్రికి వచ్చాడు. లింబయ్య బానెట్ ఎత్తబోయాడు.

"ఎత్తకు లింబన్న. మంచిగున్నప్పుడు దీన్ని అడిగితె ఏం జెప్తది?" అని రాజమల్లు కారు చుట్టూ ఒకసారి తిరిగి, వచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నాడు. "మీరు జెప్పుండ్రి డాక్టర్ సాబ్. ఎప్పుడు ఆగుతది?"

"వేడెక్కితె ఆగుతది. చాల దూరం పోయినంకనే ఆగుతది గద. ఎండకు పెట్రోలు ఆవిరైతున్నట్టుంది."

"నువ్వు జెప్పు లింబన్న."

"నేనేం జెప్పాలె. దానిష్టం" అన్నాడు లింబయ్య, కారు అద్దం తుడుస్తూ.

రాజమల్లు వరండాలో గాయాలకు కట్టే గుడ్డ మడతలు పెడుతున్న గంగుబాయి వైపు తిరిగాడు. "అక్క, నువ్వు గూడ ఎంబడి ఉంటివి. నీకేమన్న యాదికున్నదా?"

"తారీకులు యాదికుండయ్ తమ్మీ. పిల్లలు యాదికుంటరు."

"గదే జెప్పు."

గంగుబాయి మడతలు ఆపలేదు. చెబుతూ పోయింది. జానకంపేటలో కవలలు పుట్టిన రోజు ఆగింది. వర్ని అవతల వలస రైతుల క్యాంపులో తొలిచూలు పిల్లకు కాన్పు చేసి వస్తుంటే ఆగింది. కోటగిరిలో బొడ్డుతాడు మెడకు చుట్టుకున్న మగపిల్లవాడు పుట్టిన నాడు, పోయేటప్పుడే ఆగింది. అయిదు కాన్పులు చెప్పింది. ఒక్కొక్కదానికి రాజమల్లు ఆపి అడిగాడు. ఎండనా, చలినా. ఎంత దూరం పోయినంక. కారులో ఎందరున్నారు. తోవ ఎక్కుడా, దిగుడా.

"కోటగిరి పిలగాడు పుష్యమాసంల పుట్టిండు. చలికి నా శాలువ తీసి వాళ్లమ్మకు కప్పిన. తెల్లారగట్ల ఆగింది కారు" అంది గంగుబాయి.

"అయితె ఎండ కాదు" అన్నాడు రాజమల్లు మెల్లగా.

బాపురావు ఉలిక్కిపడినట్టు చూశాడు. ఆ చలి ఆయనకూ తెలుసు. ఆ తెల్లవారుజామున ఆయనా కారులో వణికాడు. కాని వేడి వల్లనే ఆగుతుందని మనసు ముందే తీర్మానించుకోవడంతో, ఆ రోజు జ్ఞాపకం లెక్కలోకే రాలేదు.

"పెట్రోలు ఎప్పుడెప్పుడు పోయించిండ్రు అక్క?"

"గది నాకెట్ల తెలుస్తది?" అని గంగుబాయి, ఒక్క క్షణం గుడ్డ చేతిలో పట్టుకుని ఆగిపోయింది. "ఆగు తమ్మీ. నాకు పెట్రోలు వాసన పడది. ట్యాంకు నింపిన దినం నేను ముక్కుకు కొంగు అడ్డం వెట్టుకుంట. కవలలు పుట్టిన్నాడు పెట్టుకున్న. వాళ్ల మేనత్త, మేం గలీజుగున్నమా బాయీ అని అడిగింది. క్యాంపుకు పోయిన్నాడు గూడ పెట్టుకున్న. కోటగిరి తోవల..." ఆమె ఆలోచించింది. "పెట్టుకున్న. కొంగు ముక్కు మీదుంటె శాలువ కింద పడ్డది. లింబయ్య తీసి ఇచ్చిండు."

లింబయ్య అద్దం తుడవడం ఆపాడు. "అవు" అన్నాడు. "ఇచ్చిన."

రాజమల్లు లేచాడు.

"దీనికి రెండు రోగాలున్నట్టున్నయ్ డాక్టర్ సాబ్. ఆగుడు ఒకటి. మళ్ల ఎత్తుకోకపోవుడు ఇంకొకటి. అందరు రెంటికీ కలిపి ఒకటే మందు వెతికిండ్రు."

"ఏం రోగాలు?"

"ఇంక తెల్వదు. నాలుగు దినాలు నన్ను మీ ఎంబడి తిప్పుకోండ్రి. అది ఆగినప్పుడు నేను ఆడ ఉండాలె."

ఆ రాత్రి బాపురావు భోజనం దగ్గర భార్యతో ఆ సంగతే మాట్లాడాడు. రోగిని ముట్టుకోకముందు రోగి మాట వినమని ఆయన గురువులు చెప్పారు. ముప్పై ఏళ్లుగా ఆయన రోగుల దగ్గర ఆ పని చేస్తూనే ఉన్నాడు. రెండేళ్లు తన వెనక సీట్లోనే అంత జ్ఞాపకం కూర్చుని ఉంటే, దాన్ని అడగాలని ఆయనకు తోచలేదు. చదువు రాని రాజమల్లుకు అరగంటలో తోచింది.

మూడు రోజులు రాజమల్లు ముందు సీట్లో కూర్చుని తిరిగాడు. షెడ్డు దగ్గర ఇంజన్లు పడి ఉన్నాయి, రైతులు అడుగుతున్నారు. అయినా వచ్చాడు. కారు ఆగలేదు. నాలుగో రోజు పొద్దున, "ట్యాంకు నింపుండ్రి" అన్నాడు.

"ఇంక సగం ఉన్నది గద" అన్నాడు డాక్టరు.

"ఉన్నా నింపుండ్రి. మూతి దాంక."

లింబయ్య పెట్రోలు పోయించాడు. గంగుబాయి కొంగు ముక్కు మీదికి పోయింది. రాజమల్లు తిరిగి చూసి, ముందుకు తిరిగి కూర్చున్నాడు. తర్వాత లింబయ్యకు చెప్పాడు. "ఇయ్యాల ఆగితె, నేను జెప్పేదాంక దేన్నీ ముట్టకు. పావుగంట ఊకె కూసుందాం. ఏమైతదో సూద్దాం."

మధ్యాహ్నం వర్ని వైపు నుంచి భూమన్న అనే రైతు సైకిల్ మీద వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. అతని భార్య ఈరవ్వకు ముందటి రోజు నుంచి నొప్పులు. భూమన్న సైకిల్‌ను కారు మీద కట్టి అయిదుగురూ కారెక్కారు. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. ఇంట్లో ఈరవ్వను చూసి గంగుబాయి, డాక్టరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఇక్కడ చేసే పని కాదు, ఆస్పత్రికి తీసుకుపోవాలి. వెనక సీట్లో గొంగడి పరిచి పడుకోబెట్టారు. గంగుబాయి ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది. భూమన్న సైకిల్ మీద వెనకాలే బయలుదేరాడు.

రుద్రూర్ దాటి రెండు మైళ్లు వచ్చాక కారు ఎగదీసింది. ఒక కుదుపు, రెండు కుదుపులు. కాలువ పక్కన ఆగిపోయింది.

వెనక సీట్లో ఈరవ్వ మూలిగింది. లింబయ్య దిగి, అలవాటుగా వెదురుబద్ద తీసుకుని, ఆగి రాజమల్లును చూశాడు. "ముట్టాల్నా వద్దా?"

నాలుగు రోజులు రాజమల్లు ఈ ఘడియ కోసమే కాచుకున్నాడు. ఎవరూ ముట్టకపోతే పావుగంటలో అతనికి కావలసింది తెలిసిపోయేది. అతను వెనక సీట్లోకి చూశాడు.

"నా పరీక్ష ఇంకోనాడు జేసుకుంట. ముందుగాల ఈ తల్లి" అన్నాడు. "రోజు ఎట్ల జేస్తవో గట్లనే జెయ్యి లింబన్న. ఒక్కటి ఇడువకు, ఒక్కటి ఎక్కువ జెయ్యకు."

లింబయ్య కారు వెనక్కి నడిచాడు. రాజమల్లు కూడా వెళ్లి, ట్యాంకు మూతి దగ్గర వంగి చెవి పెట్టాడు. లింబయ్య మూత తిప్పాడు. అది వదులయిన క్షణంలో, నీళ్లలో మునిగి తేలిన మనిషి ఊపిరి పీల్చుకున్నట్టు, సన్నగా పొడుగ్గా ఒక చప్పుడు వచ్చింది.

రాజమల్లు లింబయ్య మణికట్టు పట్టుకున్నాడు. "ఇన్నవా?"

"ఏంది? మూత తీస్తె గట్లనే అంటది. ఎప్పుడు గట్లనే అంటది."

"ఎప్పుడు అనది. పొద్దున పెట్రోలు పోసేటప్పుడు అన్నదా?"

లింబయ్య ఆలోచించాడు. "అనలే."

"ఆగినప్పుడే అంటది. మూత మళ్ల పెట్టకు."

డాక్టరు జేబురుమాలు తీసి ఇచ్చాడు. దాన్ని ట్యాంకు మూతికి కప్పి దారంతో కట్టారు. లోపలి నుంచి గంగుబాయి అంది, "జర జల్ది చెయ్యి తమ్మీ. నొప్పులు దగ్గర పడ్డయ్."

"సెల్ఫ్ కొట్టు లింబన్న."

టక్కుమంది. మళ్లీ కొడితే మళ్లీ టక్కుమంది. లింబయ్య హ్యాండిల్ కోసం లేవబోతే రాజమల్లు ఆపాడు. "ఇంకోసారి కొట్టు. ఒత్తి పట్టు." తను బానెట్ ఎత్తి, బ్యాటరీ కొమ్ముల మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉన్నాయి. తీగ పొడవునా వేళ్లతో తడుముతూ పోయాడు. చల్లగానే ఉంది. అప్పుడు దుమ్ములో వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. ఇంజను నుంచి కారు చట్రానికి కలిపే జడలాంటి తీగ పట్టీ ఒకటి ఉంటుంది. సెల్ఫ్‌కు పోయిన కరెంటు తిరిగి వచ్చే దారి అదే. దాని చివర ముట్టుకోగానే చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"కాలుతున్నది. ఇది రెండోది" అన్న మాట కింది నుంచి వచ్చింది. "కరెంటుకు తోవ ఇరుకున్న కాడ కాలుతది."

ఎప్పుడో కారుకు రంగు వేయించినప్పుడు బోల్టు కింద రంగు, దాని మీద తుప్పు పేరుకున్నాయి. రాజమల్లు బోల్టు విప్పి, కత్తితో గీకి, తెల్లటి ఇనుము కనబడగానే బిగించాడు. భూమన్న సైకిల్ వచ్చి చేరేసరికి పని అయిపోయింది.

"ఇప్పుడు కొట్టు."

ఇంజను గిర్రున తిరిగింది. రెండేళ్లలో అది అంత వడిగా తిరగడం లింబయ్య వినలేదు. ఎండిపోయిన కార్బురేటర్‌లోకి పెట్రోలు చేరేదాకా నాలుగైదు క్షణాలు తిరిగి, అందుకుంది.

ఆస్పత్రిలో ఈరవ్వకు సెలైన్ సీసా కట్టి, క్లోరోఫాం ఇచ్చి, డాక్టరు బిడ్డను లోపలే తిప్పి బయటికి తీశాడు. ఆడపిల్ల. మొదట ఏడవలేదు. గంగుబాయి కాళ్లు పట్టి, వీపు రుద్దితే సన్నగా ఏడ్చింది. తల్లి బతికింది.

డాక్టరు చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి పొద్దు కుంకుతోంది. రాజమల్లు వార్డు కిటికీ పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, లోపల ఈరవ్వ మంచం వైపు చూస్తున్నాడు.

"దొరికినట్టే గద రాజమల్లూ" అన్నాడు డాక్టరు.

"ఒకసారి పోయింది గంతే. నిజంగ దొరికితె, మళ్ల తెప్పియ్యొస్తది. రేపు తెప్పిస్త. గప్పుడు నమ్ముండ్రి."

మర్నాడు ఓపీ ముగిశాక డాక్టరు, లింబయ్య, రాజమల్లు బయలుదేరారు. ట్యాంకు మళ్లీ మూతి దాకా నింపి, మూత గట్టిగా బిగించారు. వర్ని దాకా పోయి తిరిగి వస్తుంటే, ముందటి రోజు ఆగిన చోటికి అర మైలు దూరంలో కారు ఎగదీసి ఆగింది.

"ఎవ్వలు దిగొద్దు" అన్నాడు రాజమల్లు. "లింబన్న, సెల్ఫ్ కొట్టు."

సెల్ఫ్ గిర్రున తిరిగింది. ఇంజను అందుకోలేదు.

"సూసిండ్రా. తిప్పే రోగం నిన్ననే పోయింది. ఇది ఏరే రోగం." రాజమల్లు సీట్లో వెనక్కి తిరిగాడు. "డాక్టర్ సాబ్, నిన్న ఆ తల్లికి సీస తలకిందులు కట్టిండ్రు. నేను కిటికీలకెళ్లి సూసిన. దాని బిరడకు రెండు సూదులు గుచ్చిండ్రు. ఒకదానికెళ్లి నీళ్లు దిగుతున్నయ్. రెండోది ఎందుకు?"

"అది గాలికి. గాలి లోపటికి పోకుంటె సెలైన్ దిగదు..." అని డాక్టరు మధ్యలో ఆగిపోయాడు. రెండో సూది పెట్టడం మరిచిపోతే చుక్క నిలిచిపోవడం ఆయన వందసార్లు చూశాడు. అలా నిలిచినప్పుడు బిరడా కాస్త వదులు చేస్తే వచ్చే చప్పుడు కూడా ఆయనకు తెలుసు.

"గదే" అన్నాడు రాజమల్లు. "ఈ మూతకు గాలి తొర్ర లేదు. ఇంజను పెట్రోలు పీలుస్తది. పీల్చినంత జాగల గాలి నిండాలె. నిండకపోతె ట్యాంకు పెట్రోలును ఇడువదు. ట్యాంకు సగం ఉన్ననాడు లోపట గాలి మస్తుంటది, చాల దూరం గుంజుకపోతది. నిండుగున్ననాడు పదిహేను పదహారు మైళ్లకే గొంతు పట్టుకుంటది. ఊళ్ల చిన్న చిన్న తోవలు తిరిగితె, మధ్యల ఆగినప్పుడల్ల గాలి సందులకెళ్లి మెల్లగ దూరుతది. హైదరాబాద్ల గందుకే ఆగలే."

"మరి ఇంతమంది మెకానిక్కులు చూసినా..."

"వాళ్ల తప్పు గాదు. ఆగినప్పుడు లింబన్న చేసే మొదటి పని ఏంది? మూత తీసి బద్ద పెట్టి సూసుడు. మూత తియ్యంగనె రోగం పోయింది. ఆనెంక తీగ కదిలిస్తె తీగతోటి బాగైందనుకున్నరు. ప్లగ్గులు మారిస్తె ప్లగ్గులతోటి అనుకున్నరు. రెండేండ్లు ఈ కారుకు మందిచ్చింది లింబన్ననే. తనకు తెల్వకుంట ఇచ్చిండు."

దానంతటదే తగ్గే జ్వరానికి చివర మందిచ్చిన డాక్టరుకు పేరు రావడం బాపురావుకు తెలుసు. తనకూ అలాంటి పేర్లు కొన్ని వచ్చాయి. ముందున్న మనిషి వీపు చూస్తూ కూర్చున్నాడు. చమురు మరకల చొక్కా, మెడ మీద నిన్నటి కాలువ దుమ్ము. ఈ మనిషి నాలుగు రోజులు ఊరికే కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. గెలిచిన తర్వాత కూడా, గెలిచానో లేదో చూసుకోవడానికి మళ్లీ వచ్చాడు. ఇంతమంది తప్పు చేసిన చోట ఒక్కరినీ తక్కువ చెయ్యలేదు.

"ఈ మూత యాడిది లింబన్న? అసలుది కాదు గద" అన్నాడు రాజమల్లు.

లింబయ్య స్టీరింగు చూస్తూ ఊరుకున్నాడు. అతనికి తెలుసు, కాని అతను చెప్పడు. డాక్టరే చెప్పాడు.

"మూత నేను తెచ్చిన. రెండేండ్ల కింద బాల్కొండ తోవల అసలుది పడిపోయింది. హైదరాబాద్ల పాత సామాను దుకాణంల ఇది దొరికింది. గట్టిగ పడుతున్నది, చుక్క కూడ ఆవిరి కాదు అని సంబరపడ్డ."

కాలువలో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. రాజమల్లు తలుపు తీసుకుని దిగి, చేతులు కడుక్కునే వంకతో కాలువ గట్టు వైపు నడిచాడు.

"లింబయ్యా" అన్నాడు డాక్టరు. "ఆ దినం నీ చేతులు వాసన చూసిన."

"సూసిండ్రు."

"నలుగురిల చూసిన. తప్పు జేసిన. నన్ను మాఫ్ చెయ్యి."

లింబయ్య ముందు అద్దంలోంచి రోడ్డు చూశాడు. "గా దినం సంది ఇంటికి పోయినంక సబ్బుతోటి చేతులు కడుగుతున్న డాక్టర్ సాబ్. వాసన లేదని నాకెరుకే. అయినా కడుగుతున్న. నా పెండ్లాం ఎందుకని అడిగితె చెప్పలే." అతను డాక్టరు వైపు తిరిగాడు. "చెరుకు లారీ నడుపుతనని రాజారాం సేటుకు మాటిచ్చిన. సోమవారం సంది పోవాలె."

"ఇప్పుడు కూడ పోతవా?"

"మాటిచ్చిన గద. సీజన్ అయ్యేదాంక నడపాలె."

"అయినంక?"

"అయినంక సూద్దాం."

డాక్టరు దిగి, కారు వెనక్కి వెళ్లి, తనే మూత తిప్పాడు. ఆ చప్పుడు విన్నాడు. రాజమల్లు తిరిగి వచ్చి, సంచిలోంచి సన్నటి బరమ తీసి మూతకు గింజంత తొర్ర చేసి, దుమ్ము పోకుండా లోపల జాలీ ముక్క పెట్టాడు. లింబయ్య సెల్ఫ్ కొట్టాడు. ఆ తర్వాత రెండు రోజులు నిండు ట్యాంకుతో నిజామాబాద్, అక్కడి నుంచి బాల్కొండ, తిరిగి బోధన్ తిప్పారు. కారు ఎక్కడా ఆగలేదు. రాజమల్లు అప్పుడు గాని "పోయింది" అనలేదు.

సోమవారం లింబయ్య లారీకి వెళ్లిపోయాడు. డాక్టరు ఇంకో డ్రైవరును పెట్టుకోలేదు. తనే నడిపాడు. ఆయన నడపడం చూసి చెరుకు బండ్ల వాళ్లు దూరం నుంచే ఎడ్లను పక్కకు తోలుకునేవారు. వెనక సీట్లో గంగుబాయి రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని కూర్చునేది. నాలుగు నెలలు అలా గడిచాయి. ఆ నాలుగు నెలల్లో ఇరవై ఆరు కాన్పులకు వెళ్లారు, ఒక్కసారి కూడా దారిలో నిలబడలేదు. ఎక్కడ ఏ డాక్టరు కలిసినా బాపురావు రాజమల్లు సంగతి చెప్పేవాడు. మూత దగ్గర కథ ఆపేవాడు కాదు, మూత ఎవరు తెచ్చారో కూడా చెప్పేవాడు.

ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ సీజన్ ముగిసింది. రెండో రోజు పొద్దున లింబయ్య ఆస్పత్రికి వచ్చాడు. ఎండకు నల్లబడ్డాడు, మీసం పెంచాడు. డాక్టరు గదిలోకి వచ్చి, బల్ల మీది కారు తాళం చెవి తీసుకుని బయటికి వెళ్లాడు. కారు తీసి ఆస్పత్రి ముందు ఒక చుట్టు తిప్పాడు. మళ్లీ లోపలికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"డాక్టర్ సాబ్, క్లచ్చు మొత్తం తిన్నరు" అన్నాడు. "ఇట్లెట్ల నడిపిండ్రు?"

"నాకు వచ్చినట్టు నడిపిన" అన్నాడు బాపురావు.

మందుల గదిలోంచి గంగుబాయి నవ్వడం వినిపించింది. లింబయ్య చాలా నెలల తర్వాత డాక్టరు ఎదుట నవ్వాడు. "వర్నికి పోయే పని ఉంటె మధ్యానం చెప్పుండ్రి. అందాంక రాజమల్లు కాడ ఉంట" అని, తాళం చెవి జేబులో వేసుకుని మెట్లు దిగాడు.